ఓటునందు పంక్తిభేదము

2024 లోకసభ యెన్నికలనాడు, తెలంగాణమున, హైదరాబాదు నానుకొనిన మల్కాజిగిరిలో 37 లక్షలకు మించి యోటరు లుండిరి. అడవులు, పల్లెలు గల మహబూబాబాదున 15 లక్షల పైచిలుకే. ప్రతినిధి మాత్ర మిరుతావుల నొక్కరే. అనగా నగరపు టిల్లాలి యోటు పల్లెపడతి యోటులో సగమునకైనను తూగలేదు. 2001 జనగణనను బట్టి 2008లో గీచిన హద్దులు నిలిచియుండగా, జనము నగరమునకు తరలివచ్చుటయే యిందులకు ముఖ్యకారణము.

పల్లెలకు దూరములు హెచ్చు, దారులు తక్కువ. కావున కొంత మొగ్గు చూపవలెనని కొంద ఱందురు. ఆ మాటను మేము త్రోసివేయము. కాని మొగ్గునకును మితి యుండవలదా? ప్రతినిధి మనుష్యులకు గాని నేలకు గాదు గదా! పల్లె కొఱతను బాటలతో, వైద్యశాలలతో, పంచాయతీలకు ధన మొసగి తీర్పవలెను. పొరుగువారి యోటును తఱిగించి కాదు. వడ్డనలో పంక్తిభేదము పాపమని యెఱిగిన మనము, హద్దులు మరల గీచునపుడు ఆ న్యాయమునే కోరుదము.