అడ్డుకున్నవాడి లెక్క

పిడుగురాళ్లలో సున్నానికి కొదవ లేదు. నాలుగు గీతలు గీస్తే చెడుగుడు బరి సిద్ధం. కూతకు వెళ్ళి నలుగురిని అంటి వచ్చినవాడికి ఈలలు, చప్పట్లు! వాడిని ఒడిసి పట్టినవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

అమెరికావారి బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే వరస. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు చేశాడు. లోకమంతా చెప్పుకున్నది. కాని అతనికి ఏళ్ల తరబడి ప్రత్యర్థిగా నిలిచిన బోస్టన్ సెంటరు బిల్ రస్సెల్, 1956 నుంచి 1969 వరకు 13 సీజన్లు ఆడి 11 సార్లు జట్టును విజేతగా నిలిపాడు. చాంబర్లేన్‌కు దక్కినవి రెండే.

6 అడుగుల 10 అంగుళాల రస్సెల్, బంతి వేయడంకంటె ఆపడంలో దిట్ట. ఆపిన బంతిని ఆర్భాటంగా బయటికి కొట్టక, ఒడుపుగా తనవారి చేతికే మళ్ళించేవాడు. విచిత్రమేమంటే, అలా ఎన్ని ఆపాడో అధికార లెక్కే లేదు. లీగువారు ఆ పద్దు రాయడం మొదలుపెట్టింది 1973లో!

ఆట బయటా అంతే. 1961లో లెక్సింగ్టన్‌లో నల్లజాతి ఆటగాళ్ళకు ఫలహారం పెట్టేది లేదన్నారు. రస్సెల్, తోటివారు ఆడకుండానే వెనుదిరిగారు. 1966లో ఆ లీగుకు తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడయ్యాడు. 2022లో అతడు కన్నుమూశాక, అతని 6వ నంబరును లీగులో కొత్తగా ఎవరికీ ఇవ్వరాదని నిర్ణయించారు.

కల్లంలో మిరప ఎన్ని బస్తాలయిందని అందరమూ అడుగుతాం. వానకు తడవకుండా రాత్రంతా కాచినవాణ్ణి పలకరించేదెవరు?