సోదాకు వచ్చినవాళ్లు సంతకం పెట్టి పోవాలి

గంజాయి మా ఊళ్లకు రాలేదని మేం అనడం లేదు. పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర బస్సులాపి సంచులు వెతకడం కర్నూలు ప్రయాణికులకు అలవాటైన సంగతే. ఆ మత్తులో పడి చదువు మానేసిన పిల్లలు మా వీధుల్లోనూ ఉన్నారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం గంజాయి కట్టడికి ఈగల్ విభాగాన్ని పెట్టి, 1972 నంబరుకు ఫోన్ చేసి సమాచారం ఇమ్మంటే మంచిదే అనుకున్నాం. సోదాలు వద్దనే మాట ఈ ప్రణాళికలో ఎక్కడా ఉండదు. చట్టం చెప్పిన పద్ధతిలో సోదా చేయండి, తప్పు జరిగితే చేసినవాళ్లే జవాబు చెప్పండి. మా పట్టు ఇంతవరకే.

మేమంటే కర్నూలు, నంద్యాల, కడప కోర్టుల్లో తిరిగే లాయర్లం, ఆటోలు నడుపుకునేవాళ్లం, రిటైరైన టీచర్లం, కొడుకు ఎప్పుడు బయటికొస్తాడోనని స్టేషన్ మెట్ల మీద కూర్చున్న తల్లులం. మా జట్టుకు ఇంకా పేరు పెట్టుకోలేదు.

ముందుగా ఒక మాట తేల్చుకున్నాం. మాలో ఎక్కువ వాదన జరిగింది కూడా దాని మీదే. దెబ్బలు తిన్నవాడు మంచోడా చెడ్డోడా అని మేం అడగం. 2020 నవంబరు 3న పాణ్యం మండలం కౌలూరు దగ్గర నంద్యాల ఆటోడ్రైవరు ఒకాయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు రైలుకు ఎదురెళ్లి చనిపోయారు. తాను దొంగను కానని, పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నామని ఆయన సెల్‌ఫోన్‌లో చెప్పిన మాటలు బయటికొచ్చాకే సీఐనీ హెడ్ కానిస్టేబుల్‌నీ అరెస్టు చేశారు. ప్రభుత్వం 25 లక్షల సాయం ప్రకటించింది. ఆ వీడియోనే లేకుంటే జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తతో పోయేది.

అప్పుడు అందరం కన్నీళ్లు పెట్టుకున్నాం. 2025 మేలో తెనాలి వీడియో వచ్చింది. ముగ్గురు యువకులను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీలతో కొడుతున్నారు. గంజాయి మత్తులో కానిస్టేబుల్ మీద దాడి చేశారని, పాత కేసులున్నాయని పోలీసులు చెప్పుకున్నారు. ‘ఇంకో నాలుగు తగిలించాల్సింది’ అన్నవాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడూ ‘ఎర్రచందనం దొంగలే కదా’ అనేశాం. నంద్యాల కుటుంబం కోసం ఏడవడానికి ధైర్యం అక్కర్లేదు. తెనాలి పిల్లల తరఫున మాట్లాడటానికి కావాలి. వాళ్లు నేరం చేసి ఉంటే శిక్ష వేయాల్సింది కోర్టు. రోడ్డు మీద వేసిన శిక్షకు అప్పీలు ఉండదు.

ఇక సోదా సంగతి. మేం కొత్త చట్టాలు అడగడం లేదు, ఉన్నవి చాలు. 1985 మత్తుమందుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం అందిన సమాచారాన్ని ముందు కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో దాని నకలు పై అధికారికి పంపాలి. పొద్దుగూకినాక వారంటు లేకుండా ఇంట్లోకి రావాలంటే ఎందుకు ఆగలేకపోయారో కూడా రాయాలి. మనిషి ఒంటిని వెతికే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో వెతకమని అడిగే హక్కు ఆ మనిషికి ఉందని 50వ సెక్షన్ కింద చెప్పి తీరాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదా మొత్తం వీడియో తీయమంటోంది, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపమంటోంది. దొరికిన వస్తువుల జాబితా నకలు ఇంటివాళ్లకు ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది.

ఆచరణలో జరిగేది వేరు. మఫ్టీలో నలుగురు వస్తారు, బీరువా తెరుస్తారు, బియ్యం డబ్బా గుమ్మరిస్తారు. ‘ఏమప్పా, స్టేషన్ దాకా వచ్చిపో, పొద్దున్నే పంపిస్తాం’ అంటారు. పంచనామా స్టేషన్లో కూర్చుని రాస్తారు. మధ్యవర్తులుగా సంతకం పెట్టినవాళ్లు ఆ వీధి మొహమే చూసి ఉండరు. అసలు ప్రమాదం తక్కెడ దగ్గర మొదలవుతుంది. గంజాయి కిలో వరకు చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. అప్పుడు శిక్ష పదేళ్లకు తగ్గదు, బెయిలూ అంత సులువుగా రాదు. సరుకు జాబితా, నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట ధ్రువపడాలన్న మత్తుమందుల చట్టం 52ఏ సెక్షన్‌ను మొక్కుబడి తంతుగా మార్చేస్తే, ఒక మనిషి పదేళ్ల జీవితం మూట కట్టినవాడి చేతిలోకి పోతుంది. అందుకే మా డిమాండు చిన్నదే. వచ్చినవాళ్ల పేరు, హోదా, వచ్చిన టైము, దొరికింది ఏమిటి, ఏమీ దొరక్కపోతే ‘ఏమీ దొరకలేదు’ అన్న మాట, కింద సంతకం. ఆ కాగితం ఇంటివాళ్ల చేతిలో పెట్టాకే గడప దాటాలి.

సమాచారం ఇచ్చిందెవరన్న ప్రశ్న సీమలో మరీ ముఖ్యం. పార్టీలుగా చీలిపోయి, పాత పగలు చల్లారని ఊళ్లలో ‘నమ్మదగిన సమాచారం’ అంటే సగం కక్షే. ఎదుటి వర్గంవాడి గడ్డివాములో ఓ పొట్లం దాచి ఫోన్ చేయడం ఎంతసేపు? సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టమని మేం అడగం, వాళ్ల ప్రాణాలూ ముఖ్యమే. తలుపు తట్టేముందు ఆ మాట నిజమో కాదో పోలీసులు సొంతంగా ఏం చేసి తెలుసుకున్నారో రాసి ఉండాలి. మత్తుమందుల చట్టం 58వ సెక్షన్‌లో ఒక వింత ఉంది. కావాలని తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయించినవాడికి రెండేళ్ల వరకు జైలు. కారణం లేకుండా, వేధించడానికే సోదా చేసిన అధికారికి ఆర్నెల్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి 1985 నాటిది.

అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉండే హ్యూస్టన్‌లో 2019 జనవరి 28న పోలీసులు హెరాయిన్ కోసమంటూ ఒక ఇంటి తలుపు బద్దలుకొట్టారు. కాల్పుల్లో భార్యాభర్తలు చనిపోయారు. ఆ ఇంట్లో హెరాయిన్ కొన్నాడని వారంటు కోసం చెప్పిన ఇన్ఫార్మరు కథ అబద్ధం. దాన్ని అల్లిన అధికారి జెరాల్డ్ గోయిన్స్‌కు 2024లో హత్య నేరం కింద 60 ఏళ్ల శిక్ష పడింది. ఆయన పాత కేసులు తిరగదోడితే, మరికొందరు నిర్దోషులని తేలింది. మేం చూసేది 60 ఏళ్ల అంకెను కాదు, పాత కేసులు తిరగదోడడాన్ని. ఒక అధికారి సోదాలో అబద్ధం బయటపడితే, ఆయన పెట్టిన మిగతా కేసులన్నీ మళ్లీ చూడాలి. ఇది మా ప్రణాళికలో రాజీలేని అంశం.

మన దగ్గర ఏం చేస్తారు? పోస్టింగ్ ఇవ్వకుండా వీఆర్‌లో పెడతారు. పేపర్లో ‘వేటు’ అని వస్తుంది. కొన్నాళ్లకు అదే అధికారి ఇంకో సర్కిల్లో సీటులో ఉంటాడు. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మృతి ఘటనలో జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుబట్టింది, కేసు రాయచూరు కోర్టుకు పోయాక అందరూ విడుదలయ్యారు. 2007 వాకపల్లి గిరిజన మహిళల అత్యాచార కేసు 2023లో దర్యాప్తు లోపాలతో వీగిపోయింది. సాక్ష్యం మొదటి రోజుల్లోనే పోతుంది. కాబట్టి పోలీసుల మీద కేసు అదే జిల్లా పోలీసుల చేతిలో ఒక్కరోజు కూడా ఉండకూడదు. సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో రాష్ట్రానికీ, ప్రతి జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఉండాలంది. 2021లో మన రాష్ట్రం ఛైర్మన్‌ను నియమిస్తే, ఆ నియామకాన్ని హైకోర్టు నిలిపేసింది. ఆఫీసూ సిబ్బందీ ఉండి జనం నడిచి వెళ్లగలిగే అథారిటీలు కర్నూలు, నంద్యాల, కడపల్లో కావాలి. మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలుకు వచ్చింది, సంతోషమే. కానీ అది సిఫార్సు చేయగలదు, శిక్షించలేదు. ఘటన జరిగి ఏడాది దాటితే ఫిర్యాదును విచారించదు కూడా. ఈ గడువు తెలియక ఆగిపోయినవాళ్లు ఎందరో.

చర్యలు హోంగార్డుతోనో కానిస్టేబుల్‌తోనో సరిపెడితే ఒప్పుకోం. ఎవరి ఆదేశం మీద వచ్చారో, పంచనామా మీద ఎవరు సంతకం పెట్టారో అక్కడిదాకా పోతాం.

మా వంతు పనులూ ఉన్నాయి. సోదా జరిగిన ఇంటికి మర్నాడే ఇద్దరం వెళ్లి వివరాలు రాసుకుంటాం, గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ) నమోదు చేయిస్తాం. స్టేషన్ కెమెరాల ఫుటేజీ 18 నెలలు ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కాబట్టి, ఆ వారంలోనే దాన్ని భద్రపరచమని దరఖాస్తు పెడతాం. పెద్దమనుషుల దగ్గర డబ్బిచ్చి రాజీ చేస్తామంటే, బాధితులు ఒప్పుకున్నా మేం మధ్యవర్తులుగా కూర్చోం. రాజీ పడటం వాళ్ల ఇష్టం, వాళ్లను తప్పుపట్టం. ఏ పార్టీ నాయకుడినీ మా వేదిక ఎక్కనివ్వం. ప్రతిపక్షంలో ఉన్నప్పుడే లాకప్ గుర్తొచ్చేవాళ్లను చాలామందిని చూశాం.

కానిస్టేబుళ్ల కుటుంబాలకు మాలో చోటుంది. వారం సెలవు లేని డ్యూటీలు, పైనుంచి ‘ఈ నెల ఇన్ని కేసులు’ అనే ఒత్తిడి వాళ్ల నోటి నుంచే వినాలి. పేరు బయటపెట్టకుండా చెప్పుకోవచ్చు.