లంఘనమునకు ముందు సాధన

కార్వాన్ పేరులోనే ప్రయాణము కలదు. గోలకొండ సుల్తానుల కాలమున వర్తకుల బిడారులు దిగిన తావు అది. వజ్రముల బేరములతో ఖ్యాతి గాంచిన పేట అది. మూసీపై 1578లో కట్టిన పురానాపూల్ దాటి కోటకు బోవువారికి అదియే రాచబాట. 1671లో వెలసిన టోలీ మసీదు నేటికిని అచట నిలిచియున్నది. బిడారులు పోయినవి, వజ్రములును పోయినవి. పాతబస్తీ గల్లీలలో ఇంకను మిగిలిన పూర్వధనములలో తాలీముఖానా యొకటి. ఆ ధనమును మనము గుర్తించుటలేదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

గోడలెక్కుట, పిట్టగోడలు దాటుట, మిద్దెనుండి మిద్దెకు లంఘించుట అను విద్య యొకటి ‘పార్కూర్’ అను పేర మన పట్టణములలో యువకుల నాకర్షించుచున్నది. వారు దానిని సెల్‌ఫోనులోని చిత్రములను జూచి నేర్చుకొనుచున్నారు. పెద్దలు దీనిని కోతిచేష్ట యనుచున్నారు; పిన్నలు వీరకృత్య మనుచున్నారు. ఈ రెండు మాటలును సత్యమునకు దూరములే. విచారింపవలసిన ప్రశ్న ఒక్కటి: ఎట్టి దేహముతో దూకుచున్నారు?

ఈ విద్య వినోదార్థము పుట్టినది కాదు. 1902లో మార్టినీక్ ద్వీపమున పెలే పర్వతము బ్రద్దలై సుమారు 28,000 మందిని పొట్టనబెట్టుకొన్నప్పుడు జార్జి హెబేర్ అను ఫ్రెంచి నౌకాదళోద్యోగి రక్షణకార్యమునందు పాల్గొనెను. ధైర్యమునకు దేహబలము తోడు కావలెననియు, ఆ బలము పరుల కుపయోగపడనిచో వ్యర్థమనియు అతడు నిశ్చయించుకొనెను. సముద్రాంతరదేశములలోని మూలవాసులు వ్యాయామోపాధ్యాయు లెవ్వరును లేకయే దృఢగాత్రులై యుండుట జూచి, నడక, పరుగు, లంఘనము, నాలుగుకాళ్ల నడక, ఎగబ్రాకుట, తూకము నిలుపుట, విసరుట, ఎత్తుట, ఆత్మరక్షణము, ఈత అను పదింటితో ‘సహజపద్ధతి’ని ఏర్పరచెను. ఆ పద్ధతి సైనికశిక్షణములోనికి ప్రవేశించెను. ఇండోచైనాలో బాల్యము గడపి పిమ్మట పారిస్ అగ్నిమాపకదళమున జేరిన రేమండ్ బెల్ ఆ శిక్షణమున నారితేరినవాడు. అతని కుమారుడు డేవిడ్ బెల్, మిత్రులతో గూడ, పారిస్ చెంతనున్న లిస్ పట్టణమున దీనికి నేటి రూపము నిచ్చెను. 2022లో టోక్యోనగరమున ప్రపంచపోటీలును జరిగినవి. కావున పరాయిదేశమువారు వలస దేశముల ప్రజలను జూచి నేర్చినదే మన కిప్పుడు క్రొత్తవిద్యయై తిరిగివచ్చినది.

బలము దేనికని అడుగువారికి మూసీనది యుత్తరము చెప్పగలదు. 1908 సెప్టెంబరు వరదలో వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయిన రోజున, అఫ్జల్‌గంజ్‌లోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా వైద్యశాల ఆవరణలో నేటికిని గలదు. 2020 అక్టోబరులో సైతము నగరములోని పల్లపుపేటలు నీట మునిగినవి. అట్టి దినమున గోడ నెక్కగలవాడును, ఎక్కలేని ముదుసలిని పైకి లాగగలవాడును ఆ వీధికి పెట్టనికోట.

అయినను నేటి ప్రారంభకుల పద్ధతి తలక్రిందులుగ నున్నది. మొదటిదినముననే ఎత్తునుండి దూకెదరు. పైనుండి నేలకు దిగునప్పుడు కాళ్లపై బడు తాకిడి దేహభారమునకు అనేకరెట్లు. కండ కొన్ని వారములలో బలపడును గాని, ఎముకయు, దానిని కండతో బంధించు స్నాయువును నెలలకు గాని గట్టిపడవు. ‘నాకు శక్తి వచ్చినది’ అని యువకు డనుకొను నాటికి అతని చీలమండలు ఇంకను సిద్ధముగ నుండవు. గాయము లధికముగ పుట్టునది ఈ వ్యవధిలోనే.

ఇచటనే తాలీము మనకు గురువు. కోస్తావారు దండీలు, బస్కీలు అను వానినే ఇచట దండ్, బైఠక్ అందురు. దండ్ ఱొమ్మును, భుజములను, చేతులను గట్టిచేయును; బైఠక్ తొడలను, పిక్కలను గట్టిచేయును. ముద్గరము త్రిప్పుటచే భుజసంధి సడలి బలపడును. గోదాలోని మెత్తని మట్టి పడుట నేర్పును. పడుట నేర్వనివాడు దూకుట నేర్వరాదు. వీని నన్నిటిని మించినది మితము. బలములో సగమువరకే వ్యాయామము చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చినంతనే నిలుపవలెననియు సుశ్రుతుడు విధించెను. ప్రారంభకునకు దీనిని మించిన హితవు లేదు.

తాలీముతో సర్వము సిద్ధించునని చెప్పుటయు సరికాదు. దండ్ బైఠక్‌లు నెట్టుబలము నిచ్చును గాని లాగుబలము నంతగా ఈయవు. గోడ నెక్కుటకు కావలసినది రెండవది. దానికి త్రాడు ప్రాకుట, దూలము పట్టి వ్రేలాడుట, మల్లఖంభము సాధనములు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లుల సాధనలో స్తంభవ్యాయామము పేర్కొనబడినది. ఆ కల్యాణి బీదరు సీమలో, మనకు చేరువనే యున్నది. తెచ్చుకొనుటకు దూరము పోనక్కరలేదు.

మా యభిప్రాయమున మొదటి మూడు మాసములు మోకాలియెత్తునకు మించిన చోటునుండి దూకరాదు. దినమునకు అరగంట చాలును. తడవకు ఇరువది దండ్‌లు, నలుబది బైఠక్‌లు తప్పులేక చేయగలవరకును, దూలమును బట్టి ఐదుమార్లు గడ్డమును పైకి తేగలవరకును గోడజోలికి పోరాదు. నాలుగుకాళ్లపై నడచుట, సన్నని గట్టుమీద తూకము నిలుపుట, మునివ్రేళ్లపై లేచుట నిత్యకృత్యములు కావలెను. దిగునప్పుడు పాదాగ్రము ముందు మోపి, మోకాళ్లు లోనికి వ్రాలనీయక, చప్పుడు కాకుండ దిగవలెను. చప్పుడైనచో ఆ తాకిడి కీళ్లపై బడినట్లే. దొర్లునప్పుడు తల నేల కంటరాదు. ఒక భుజమునుండి వీపు మీదుగ ఎదుటి నడుముప్రక్కకు దొర్లవలెను. వారమునకు రెండుదినములు విశ్రాంతి. నొప్పి వేరు, అలసట వేరు. నొప్పి యున్ననాడు సాధన మానుట పిరికితనము కాదు.

1942లో గతించిన కోడి రామమూర్తినాయుడుగారు ఏనుగును ఱొమ్ముపై నిలిపికొనిరని మనము పిల్లలకు చెప్పుదుము. ఆ ఱొమ్ము వెనుకనున్న సంవత్సరముల సాధనను చెప్పము. చెప్పకపోవుట వలననే కార్యము కంటబడుచున్నది గాని కారణము మరుగుపడుచున్నది. చలనచిత్రమున అరనిముసములో కానవచ్చు లంఘనము వెనుకను అట్టి సంవత్సరములే యున్నవి.

పెద్దలతో ఒక మనవి. పిల్లలు మిద్దెల కెక్కుచున్నారని కోపించువారు, వారికి ఆడుకొన తగిన నేలను మిగిల్చితిరా? ఖాళీస్థలము కంటబడినంత అంగడి కట్టితిమి. చెరువు కనబడినంత పూడ్చితిమి. కోరునది గొప్పది కాదు. పేట కొక గోదా, నాలుగు దూలములు, ఎత్తున భేదించిన కొన్ని చిన్నగోడలు, ఇసుక పరచిన పట్టెడునేల, వీనిపై కన్నువేసి యుండు ఉస్తాదు. నగరపాలకసంఘము ఈయవలసినది స్థలము. ధనవంతు లీయవలసినది ఉస్తాదునకు గౌరవప్రదమైన జీతము. వేళ నిర్ణయించి బాలికలకును ఆ ద్వారమును తెరువవలెను. వరద వచ్చినప్పుడు నీరు స్త్రీపురుషభేదమును పాటింపదు.

యువకులారా, గోడ ఎచటికిని పోదు. అది మూడుమాసములు మీకొఱకు వేచియుండగలదు. విరిగిన మోకాలు మాత్రము మరల మునుపటివలె నుండదు. ముందు నేలను జయింపుడు. గోడ తానే లొంగును.