ఉప్పాడ కోతకు గోడ ఒక్కటే మందు కాదు

ఇసుక రాబడి తగ్గడమే అసలు సమస్య

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, ఉప్పాడ తీరంలోని మత్స్యకార కుటుంబాలకు కంటి మీద కునుకు ఉండదు. ఇళ్లు, కొబ్బరిచెట్లు, వలలు ఆరబెట్టుకునే జాగాలు ఒకదాని వెంట ఒకటి సముద్రంలో కలిసిపోయాయి. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు పలుమార్లు కోతకు గురై రాకపోకలు స్తంభించాయి. కోత పడిన ప్రతిసారీ రాళ్లు వేస్తున్నారు. కొంతకాలానికి ఆ రాళ్లూ జారిపోతున్నాయి. ఇలా ఎందుకు జరుగుతున్నదో తెలియాలంటే ముందు ఇసుక నడక తెలియాలి.

కెరటం సాధారణంగా ఒడ్డుకు తిన్నగా రాదు, ఏటవాలుగా వస్తుంది. వచ్చిన వాలునే ఇసుకను పైకి నెడుతుంది. వెనక్కి మళ్లే నీరు మాత్రం పల్లం వెంట తిన్నగా దిగుతుంది. దీంతో ప్రతి కెరటానికీ ఇసుక రేణువు కొద్దిగా పక్కకు జరుగుతుంది. పది సెకన్లకు ఒకటి చొప్పున లెక్క వేసినా రోజుకు 8,640 కెరటాలు. ఏడాది పొడవునా అవి తరలించే ఇసుక కొండంత అవుతుంది.

మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తర దిశగా సాగుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కనుక తీరం గొలుసు చెరువుల వంటిది. పై చెరువు నుంచి వచ్చేదీ, కింది చెరువుకు పోయేదీ సమానంగా ఉన్నంతకాలం మట్టం నిలుస్తుంది. రాబడి తగ్గి పోకడ ఆగకపోతే చెరువు అడుగంటుతుంది. ఉప్పాడలో జరుగుతున్నది ఇదే.

ఉప్పాడకు దక్షిణాన ఇసుకను తెచ్చిపోసే తల్లి గోదావరి. అయితే 1970వ దశకం నుంచి ఎగువన పెద్ద జలాశయాలు వెలిశాయి. వరద వెంట రావలసిన ఒండ్రులో చాలా భాగం వాటి అడుగునే నిలిచిపోతున్నది. డెల్టా దాకా వచ్చిన ఇసుకలో కొంత గౌతమి మొగకు ఉత్తరాన హోప్ ఐలాండ్‌గా మేట వేసింది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక దిబ్బ కాకినాడ రేవుకు కెరటాల నుంచి రక్షణ ఇస్తున్నది. దాని చాటు దాటి ఉన్న ఉప్పాడ మాత్రం కెరటాల తాకిడిని నేరుగా ఎదుర్కొంటున్నది.

రాతి గోడ దాని వెనుకనున్న రోడ్డును కొంతకాలం కాపాడుతుంది. కానీ కెరటం గోడను కొట్టి వెనక్కి మళ్లేటప్పుడు గోడ మొదటనున్న ఇసుకను తవ్వుకుపోతుంది. అడుగున పట్టు పోయాక రాళ్లు జారతాయి. గోడ ముగిసిన చోట పక్క పల్లెపై కోత ఎక్కువవుతుంది. 2010 ప్రాంతంలో ఉప్పాడ వద్ద వేసిన జియోట్యూబుల కట్ట సైతం కెరటాల దెబ్బకు చినిగిపోయింది.

ఇతర రేవుల అనుభవం కూడా గమనించదగినది. చెన్నైలో 19వ శతాబ్దం చివర రేవు గోడలు సముద్రంలోకి కట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా బీచ్ విశాలమైంది. ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. విశాఖలో 1976లో ఔటర్ హార్బరు ఏర్పడిన తరువాత, రేవు వద్ద ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన రామకృష్ణా బీచ్‌కు పోయవలసి వచ్చింది. అంటే గోడ ఆపిన ఇసుకను మనిషే దాటించాలి.

ఉప్పాడ ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. బోట్లకు రేవు అవసరమన్నది నిర్వివాదాంశం. అయితే రేవు గోడల దక్షిణాన ఎంత ఇసుక ఆగుతున్నది, ఉత్తరాన కోనపాపపేట వైపు ఎంత తగ్గుతున్నది అన్నది ఏటా కొలవాలి. ఆగిన ఇసుకను అవతలికి చేర్చే ఖర్చు రేవు నిర్వహణలోనే భాగం కావాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఒక పల్లెకు జరిగిన మేలు మరో పల్లెకు కీడు అవుతుంది.

తీరంలో మిగిలిన ఇసుక దిబ్బలను తవ్వనీయరాదు. తుపాను రోజున కెరటం ముందుగా తినేది ఆ దిబ్బలనే. అవి లేకుంటే తరువాతి వంతు ఇళ్లదే. కోత అంచునున్న కుటుంబాలకు ఇళ్ల స్థలాలు ఇవ్వడం తప్పనిసరి. కానీ తీరానికి మరీ దూరంగా ఇస్తే పడవ, ఇంజను, వల కాపలా కాసేదెవరు? స్థలం నిర్ణయించే ముందు అధికారులు ఈ ప్రశ్నను మత్స్యకారులనే అడగాలి. రాళ్లకు ఏటా పెట్టే ఖర్చుతో పాటు ఇసుక లెక్క కూడా చూసినప్పుడే ఉప్పాడకు ఊరట లభిస్తుంది.