చిక్కీ మాన్పించే ముందు

తనకల్లు, కదిరి వైపు చెనక్కాయ లేని వంట లేదు. సంగటిలోకి ఊరిబిండి, కూరలోకి పొడి, తాళింపుకు నూనె, బడిలో చిక్కీ. బిడ్డకు ఉబ్బసమని తేలగానే ఇంట్లో పెద్దలు మొదట మాన్పించేదీ చెనక్కాయే. వెంటనే గుడ్డు, పెరుగు, అరటిపండు. కరువు సీమలో పేదబిడ్డకు అందే నాలుగు బలమైన ముద్దలూ పథ్యం పేరుతో పోతున్నాయి. ఇది నాకు మింగుడుపడదు.

తిండి ఎలర్జీకీ ఉబ్బసానికీ చుట్టరికం ఉన్నమాట నిజం. పసితనంలో ఒళ్లంతా దురదపెట్టే ఎగ్జిమా, ఆపైన ఏదో ఒక తిండి పడకపోవడం, బడి ఈడుకు ఉబ్బసం, కొందరు పిల్లల్లో వరసగా వస్తాయి. అంతమాత్రాన ఉబ్బసం ఉన్న ప్రతి బిడ్డకూ తిండి పడదని కాదు. పడని తిండి సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది: దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, వాటితోపాటు ఆయాసం. ఇవేవీ లేకుండా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మాత్రమే ఉంటే తప్పు తిండిది కావడం అరుదు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల బడిపిల్లల సర్వేలో తిండి ఎలర్జీ ఉండొచ్చని తేలింది 0.14 శాతం మందికే. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యం.

చెనక్కాయ పెరికిన రోజుల్లో కల్లం దగ్గర ఒక్కపూట నిలబడి చూడండి. కాయ విడగొట్టే మిషన్ ఎర్రదుమ్ము కక్కుతుంటుంది. వానకు తడిసిన కట్టెను వామి వేసేందుకు విదిలిస్తే బూజు పొడిగా లేస్తుంది. పిల్లలు అక్కడే ఆడుకుంటూ పచ్చికాయలు ఒలుచుకు తింటుంటారు. ఆ రాత్రి ఆయాసం వస్తే నింద కాయ మీద పడుతుంది, పీల్చిన దుమ్ము మాట ఎవరికీ గుర్తురాదు.

నిజంగా చెనక్కాయ పడని బిడ్డ ఉంటే మాత్రం ఆ ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. ఉబ్బసం అదుపులో లేకపోతే ఎలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు రోజూ వాడమన్న పంపు (ఇన్‌హేలర్) ఒక్కరోజూ మానకూడదు. పంపు అలవాటైపోతుందన్న భయం ఉత్తిదే. పడనిది తిని ఊపిరి ఆడకపోతే ముందు తొడకు అడ్రినలిన్ సూది పడాలి. సిట్రిజిన్ మాత్ర మింగించి చూస్తూ కూర్చోకూడదు. అలాంటి బిడ్డ ఎవరో చిక్కీ పంచే అయ్యవారికి, వంట చేసే ఆయమ్మకు ముందే తెలిసుండాలి. వాళ్లు ఎవరినీ అడగకుండానే 108కు ఫోన్ చేసేలా బడిలో చెప్పిపెట్టాలి.