గల్లంతైన జవాను భార్య ఎవరు?

1965, 1971 యుద్ధాల్లో గల్లంతై పాకిస్తాన్ నిర్బంధంలో ఉన్నారని మన ప్రభుత్వం నమ్ముతున్న సైనికులు 54 మంది. తమ దగ్గర ఎవరూ లేరంటుంది పాకిస్తాన్. 2007లో బంధువులు అక్కడి జైళ్ళు చూసి ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

చనిపోయిన జవానుది వీరమరణం. గల్లంతైనవాడికి ఆ మాట కూడా లేదు. మరి అతని భార్య సుమంగళా, వితంతువా? ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టే భావించమంటుంది సాక్ష్య చట్టం. హిందూ వివాహ చట్టం విడాకులకూ అదే గడువు పెట్టింది. కానీ ప్రభుత్వం జాబితాలో బతికించి ఉంచిన మనిషి గురించి కోర్టుకెక్కి 'ఇక రాడు' అనాల్సింది ఆమే. అంటే అత్తింటి ద్రోహి, అనకపోతే పతివ్రత! ఆ ఎదురుచూపును దేశభక్తిగా పొగిడేవాళ్ళు ఆమె ఎలా బతికిందో అడగరు.

ఏడేళ్ళు నిండగానే ప్రభుత్వమే ఆమె గడపకు వచ్చి, తనకు తెలిసినదంతా రాసివ్వాలి. ఆమెకున్న హక్కులేమిటో చెప్పాలి.