వాణిజ్యోపాధ్యాయుని విద్యాభ్యాసము

వర్తకవిద్యను బడిలో కూర్చుండబెట్టి నేర్పవచ్చునను తలంపు భారతదేశమున తొలుత కార్యరూపము దాల్చినది చెన్నపట్నముననే. పచ్చయప్ప ధర్మసంస్థ నిర్వాహకులు 1886లో ఇచట వాణిజ్య పాఠశాలను నెలకొల్పిరి. బొంబాయి సిడెన్‌హాం కళాశాల పుట్టుటకు అప్పటికి ఇంకను ఇరువదియేడు సంవత్సరములు కలవు. ఏ మహనీయుని ధర్మనిధి ఆ పాఠశాలకు ఆధారమయ్యెనో ఆ పచ్చయప్ప మొదలియారు స్వయముగా దుబాసీ. కంపెనీ దొరలకును దేశీయ వర్తకులకును నడుమ మెలగుచు ఆర్జించిన అనుభవమే ఆయనకు గ్రంథము, అంగడియే గురుకులము. అంగడి విద్యను తరగతి గదికి తెచ్చుట ఎట్లను ప్రశ్నకు నాటినుండి ఎన్నియో సమాధానములు చెప్పుకొంటిమి. తెచ్చిన విద్య ఆ గదిలోనే పాతబడిపోకుండ, దానిని బోధించువాడు ముప్పదియేండ్ల ఉద్యోగకాలమందు తన నైపుణ్యమును ఎట్లు పెంచుకొనవలెనను ప్రశ్నను మాత్రము మన విశ్వవిద్యాలయములు గట్టిగా వేసికొన్నట్లు కానరాదు.

భౌతికశాస్త్రోపాధ్యాయుడు యౌవనమున నేర్చిన చలనసూత్రములను పదవీవిరమణ దినమువరకు నిశ్చింతగా బోధింపగలడు. వాటిని సవరించు అధికారము ఏ పార్లమెంటునకును లేదు. వాణిజ్యోపాధ్యాయుని స్థితి అట్టిది కాదు. 1988 ప్రాంతమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ఏదో యొక కళాశాలలో చేరి, ఇటీవల విరమించిన అధ్యాపకుని ఊహించుకొందము. అతడు చేరిననాడు కంపెనీలు వాటాలు జారీచేయవలెనన్న ఢిల్లీలోని మూలధన నియంత్రణాధికారి అనుమతి కావలసియుండెను. 1992లో ఆ ఏర్పాటు తొలగి సెబీకి చట్టబద్ధమైన అధికారము సంక్రమించెను. విదేశమారక ద్రవ్యమును తాకుటయే నేరమన్నట్లు చూచిన 1973నాటి ఫెరా పోయి 1999లో ఫెమా వచ్చెను. గుత్తవ్యాపారమును నిరోధించు 1969నాటి శాసనము స్థానమున 2002లో పోటీ చట్టము వెలసెను. 1956నాటి కంపెనీల చట్టము 2013లో క్రొత్త చట్టమునకు చోటిచ్చెను. ఎక్సైజు, వ్యాట్, సేవాపన్నుల చిక్కు 2017 జులై 1వ తేదీన చాలవరకు జి.ఎస్.టి.లో లీనమయ్యెను, నడుమ 2016లో దివాలా స్మృతి వచ్చి బాకీల పాఠమునంతను తలక్రిందులు చేసెను. చివరకు, అతడు కుర్చీ విడిచిన స్వల్పకాలమునకే, 1961నాటి ఆదాయపుపన్ను చట్టముసైతము 2025 చట్టమునకు దారి యిచ్చెను. చిట్టా ఆవర్జాలు పోయి టాలీ వచ్చుట, టాలీ చేయు పనిని నేడు కృత్రిమమేధ తనపై వేసికొనుట వేరుగా చెప్పనక్కరలేదు. ఒక మనుష్యుని పాండిత్యమును రాజ్యాంగయంత్రమే ఇన్నిమారులు రద్దుచేయుట శాస్త్రశాఖలయందు సంభవింపదు.

ఇట్టివానికి విజ్ఞానమును పునరుద్ధరించుకొను మార్గమేది? సెంట్రలు స్టేషను చెంత 1835నుండి వర్ధిల్లుచున్న మద్రాసు వైద్యకళాశాలను చూడుడు. అచటి ఆచార్యుడు ప్రాతఃకాలమున ప్రక్కనున్న జనరలాసుపత్రిలో రోగుల మంచములనడుమ తిరిగి, ఆ వెంటనే విద్యార్థులకు పాఠము చెప్పును. అతని పాఠమును నిన్నటి రోగియే దిద్దుచుండును. వాణిజ్యోపాధ్యాయుని కిట్టి ఆసుపత్రి లేదు. అతడు మూల్యనిర్ణయమును బోధించును గాని జీవితమున ఒక వస్తువునకు ధర నిర్ణయించి యెరుగడు. కార్మిక సంబంధములపై ప్రశ్నపత్రము కూర్చును గాని సమ్మెనాడు కర్మాగార ద్వారమున నిలిచి చూడడు. చూడవలెనన్న కోరిక యున్నను, అనుమతి లేక బయటి పని చేపట్టరాదను నియమము అడ్డుపడును.

ప్రభుత్వము ఏమియు చేయలేదని అనరాదు. 1986నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘము అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పెను; మద్రాసు విశ్వవిద్యాలయమునందును అట్టిది వెలసెను. వాని పేర్లు రెండుమారులు మారి నేడు మాలవీయ మిషను శిక్షణకేంద్రములైనవి. క్రొత్తగా చేరినవానికి ఓరియంటేషను కోర్సు, అనుభవజ్ఞునికి రిఫ్రెషరు కోర్సు. అవి నిరుపయోగములని నేననను. వేలూరు అధ్యాపకుడును విల్లుపురము అధ్యాపకురాలును ఒకేచోట కూర్చుండి తమ తరగతుల కష్టసుఖములను చెప్పుకొను అవకాశము తక్కువది కాదు, నిజమునకు ఆ కోర్సులలో కలుగు లాభములో సగము టీ విరామమునందే కలుగును. దోషము మరియొకచోట నున్నది. ఉపాధ్యాయుని వృత్తిజీవితమునకు మూడు వయస్సులు కలవు. తొలిదశలో అతనికి డెబ్బదిమంది యెదుట నిలిచి గొంతు వణకకుండ మాటలాడుట నేర్పవలెను. నడిమిదశలో గొంతు స్థిరపడును, నోట్సు స్థిరపడును, వానితోపాటు బుద్ధియు స్థిరపడిపోవు భయమున్నది. అప్పుడు అతనిని లేవదీసి బజారునకు పంపవలెను. మూడవదశలో అతడు నేర్చినదానిని పిన్నవారికి అప్పగింపవలెను. మన నియమములో, ఈ మూడు వయస్సులకును ఒకటే ఔషధము: ధ్రువపత్రము, పరిశోధనపత్రము. 2010నాటి నియమావళి వీనికి మార్కులుగట్టి పదోన్నతితో ముడివేసెను. తత్ఫలితముగా అచ్చైన పత్రములను చదువువారికంటె వ్రాయువారు పెరిగిపోగా, పత్రికల మేలిమిని తేల్చుటకు సంఘమే కేర్ పట్టికను వెలువరించి, 2025లో తానే దానిని ఉపసంహరించుకొనెను.

ఉపాధ్యాయుని అనుభవము ఎట్లు శాస్త్రమగునో చూపు దృష్టాంతము చెన్నపట్నమునందే కలదు. కోయంబత్తూరు వాసియైన సి.కె. ప్రహ్లాద్ లయోలా కళాశాలలో భౌతికశాస్త్రము ముగించి, పందొమ్మిదవయేటనే ఈ నగరమందలి యూనియన్ కార్బైడు బ్యాటరీ కర్మాగారమున ఉద్యోగమునకు కుదిరెను. అహమ్మదాబాదు చదువును హార్వర్డు డాక్టరేటును అటుపిమ్మటివి. 1990లో గ్యారీ హామెల్‌తో కలిసి సంస్థల మూలసామర్థ్యమును గూర్చియు, 2004లో పేదవాని కొనుగోలుశక్తిని గూర్చియు వ్రాసి ప్రపంచ వర్తకవిద్యను కదలించిన ఆచార్యుడు తొలుత కర్మాగారపు నేలమీద నిలిచినవాడగుట కాకతాళీయమని నేను నమ్మజాలను. దీనికి తోడుగా మరియొక సంగతి మనకు కొంత సిగ్గు గొలుపును. మదురై అరవింద కంటి ఆసుపత్రి తక్కువ ఖర్చుతో వేలకొలది శుక్లముల శస్త్రచికిత్సలు చేయు విధానమును 1993లో బోధనోపయోగియగు కేసుగా వ్రాసినది హార్వర్డు ఆచార్యుడైన కస్తూరి రంగన్. ఆయన మద్రాసు ఐ.ఐ.టి. విద్యార్థియే. మదురై కథ బోస్టను చుట్టివచ్చి, వెల చెల్లించినపిమ్మట, మన తరగతులలో చదువబడుచున్నది! శ్రీపెరుంబుదూరులో 2006లో నోకియా కర్మాగారము తెరచి, పన్నువివాదములు చుట్టుముట్టగా 2014లో మూతబడెను. మరైమలైనగరులో కార్లు తయారుచేసిన ఫోర్డు, దేశమున ఉత్పత్తి చాలించుదునని 2021లో ప్రకటించెను. నగరమునుండి ఒకటిరెండు గంటల ప్రయాణములో నున్న ఈ రెండు ద్వారములవద్ద పన్ను, పెట్టుబడి, కార్మికజీవనము, రాష్ట్ర విధానము అన్నియు కలిసిన పాఠములు పడియున్నవి. వానిని ఏరి వ్రాయు అధ్యాపకునికి పదోన్నతిలో దక్కు మార్కులు స్వల్పము. వానిని గూర్చి ఇరువదిమందికి ప్రశ్నావళి పంచి, గణితపట్టికలు కట్టి, ఏ పత్రికలోనో ప్రకటించినవానికి దక్కునవి అధికము.

కర్మాగారములకు చేరువైన పాఠశాలయు లేకపోలేదు. 1970లో చెన్నపట్నమున ఆరంభమైన ఐ.ఎఫ్.ఎం.ఆర్. సంస్థ యొక్క వాణిజ్యపాఠశాల ఇప్పుడు క్రియా విశ్వవిద్యాలయములో భాగమై మన ఆంధ్రదేశమందలి శ్రీసిటీలో నున్నది. చెన్నై మెట్రోకు పెట్టెలు నిర్మించిన ఆల్‌స్టామ్ కర్మాగారము ఆ పరిసరములందే కలదు. ఇంతటి సామీప్యము ఏ కళాశాలకైనను వరమే. అయినను గోడకు ఆవల కర్మాగారమున్నంతమాత్రమున విద్య గోడ దాటి రాదు. దాటుటకు ఉపాధ్యాయునికి తీరిక కావలెను.

తీరిక యనగా చెన్నై కళాశాలల రెండవ షిఫ్టు జ్ఞాపకమునకు వచ్చును. బి.కాం.కు గల గిరాకీవలన నగరమందలి అనేక ఎయిడెడ్ కళాశాలలు మధ్యాహ్నానంతరము సొంత నిధులతో తరగతులు నడపుచున్నవి; ఉదయపు ఉపాధ్యాయునికి ప్రభుత్వవేతనము, అదే గదిలో అదే పాఠము చెప్పు సాయంకాలపు ఉపాధ్యాయునికి యాజమాన్యము ఇచ్చినంత. ప్రభుత్వ కళాశాలల అతిథి అధ్యాపకుల సంగతియు నిట్టిదే: నిధుల సంఘము నెలకు 50,000 రూపాయలవరకు ఈయవచ్చునని చెప్పియుండగా, తమిళనాట పెంచిన పిమ్మటను వారికి లభించినది 25,000. వచ్చేయేడు పని యుండునో ఉండదో తెలియనివానిని వృత్తినైపుణ్యమును పెంచుకొమ్మని బోధించుట క్రౌర్యము.

2022లో నిధుల సంఘము అనుభవజ్ఞులైన నిపుణులను, డిగ్రీలతో నిమిత్తము లేకయే, ఆచార్యులుగా ఆహ్వానించు పద్ధతిని ప్రవేశపెట్టెను. పదునైదేండ్ల అనుభవము చాలును. పదవీకాలము నాలుగేండ్లు మించరాదు. మంచిదే. కాని బజారును తరగతికి పిలిచి పాఠము చెప్పించుకొన్నవారు, తరగతిలోని ఉపాధ్యాయుని బజారునకు పంపుటకు మనసొగ్గకపోవుట వింత. వచ్చిన నిపుణుడు నాలుగేండ్లకు వెడలిపోవును. ముప్పదియేండ్లు ఉండువాడు ఎచటివాడచటనే యుండును.

కావున మద్రాసు విశ్వవిద్యాలయము మొదలుకొని ఆంధ్ర, ఉస్మానియాలవరకు అధికారులకు నా విన్నపమిది. ఆరేడేండ్లకొకమారు వాణిజ్యోపాధ్యాయుని పూర్తి జీతముతో ఒక సెమిస్టరు అంబత్తూరు ఎస్టేటుకో, బ్యాంకు శాఖకో, పన్నుల కార్యాలయమునకో పంపుడు. అతడు తిరిగివచ్చి వ్రాసిన స్థానిక కేసును పరిశోధనపత్రముతో సమానముగా గణింపుడు. ఏబదియేండ్లు దాటిన ఆచార్యునికి వారమునకు నాలుగు పీరియడ్లు తగ్గించి, పిన్నవారి తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి వినుటకును, విన్నపిదప ఏకాంతమున మంచిచెడ్డలు చెప్పుటకును వానిని వినియోగింపుడు. వీనిలో ఏ యొక్కదానికిని క్రొత్త భవనము అవసరము లేదు, పార్లమెంటు శాసనము అంతకంటె అవసరము లేదు. పాఠ్యప్రణాళికా సంఘమును పాలకమండలియును ఒక సమావేశమున తీర్మానించి, మార్కుల నియమమును సవరింపుమని నిధుల సంఘమును కోరిన చాలును.